మెటల్ స్పీకర్ కోన్ సొట్టపడితే సరిచేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో మెటల్ కోన్ (కదిలి శబ్దం పుట్టించే గరాటు ఆకారపు రేకు) ఉన్న స్పీకర్లు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న ఎక్కువగా వినబడుతోంది. ఒకరింట్లో పిల్లాడు వేలు పెట్టి నొక్కాడు. ఇంకొకరికి సెకండ్‌హ్యాండ్ జత పార్సిల్ విప్పేసరికే సొట్ట కనబడింది. "వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగేయమంటారా?" అని అడుగుతారు. ఆగండి. వాక్యూమ్ పనికొచ్చే చోట్లు కొన్నే. కోన్ మీది సొట్టకు ముందు నుంచి లాగడం కన్నా వెనుక నుంచి రుద్దడమే సరైన దారి.

ఇక్కడ చెప్పేదంతా చూపుకు మాత్రమే ఇబ్బంది పెట్టే సొట్టల గురించి. కాయిల్ (కోన్ వెనుక మాగ్నెట్ సందులో కదిలే తీగచుట్ట) రాసుకుంటున్నా, కోన్ చిరిగినా అది వేరే మరమ్మతు.

1. సొట్ట ఏ రకమో ముందు తేల్చుకోండి

గదిలో లైట్లు ఆర్పి, టార్చిని కోన్ అంచు దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. ఎదురుగా వెలుగు పడితే సొట్ట లోతు తెలియదు. పక్క నుంచి పడితే నీడ చెబుతుంది.

- నున్నటి పల్లం: అంచులు మెత్తగా కలిసిపోయి ఉంటాయి, గీత ఉండదు. ఇది బాగా సరవుతుంది.
- ముడత: పదునైన గీతలా మడత పడి ఉంటుంది. లోతు తగ్గించవచ్చు గానీ గీత పూర్తిగా పోదు.
- పగులు, చిల్లు: దీన్ని నెట్టకూడదు. నెడితే పగులు సాగుతుంది.

తర్వాత లోహం ఏదో చూడండి. కంపెనీ వివరాల్లో రాసి ఉంటుంది. మామూలు అల్యూమినియం అయితే మీ అదృష్టం, వంగుతుంది, మాట వింటుంది. మానిటర్ ఆడియో సి-క్యామ్ లాంటి సెరామిక్ పూత ఉన్న అల్యూమినియం-మెగ్నీషియం మిశ్రమంలో లోహం వంగినా పైపూత పెళుసు. మడత దగ్గర జుట్టంత తెల్ల గీతలు మిగులుతాయి. సియాస్ ఎక్సెల్ వరసలో వచ్చే మెగ్నీషియం కోన్‌లతో ఇంకా జాగ్రత్త. మామూలు గది వేడిలో మెగ్నీషియం వంగడం కన్నా పగలడానికే ముందుంటుంది. అక్యూటన్ డ్రైవర్లలో (డ్రైవర్ అంటే కోన్, కాయిల్, మాగ్నెట్ కలిసిన స్పీకర్ యూనిట్) ఉండే అసలైన సెరామిక్ కోన్ సొట్టపడదు, నేరుగా పగిలిపోతుంది, కాబట్టి దానికి ఈ పద్ధతులేవీ వర్తించవు.

2. శబ్దం మారిందా, లేదా?

ఈ పరీక్ష చేయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు కూడా.

కోన్ మీద సెంటీమీటరు వెడల్పు పల్లం వినికిడిలో తేడా తేవడం అరుదు. 1 కిలోహెర్ట్జ్ శబ్దానికి గాలిలో తరంగదైర్ఘ్యం దాదాపు 34 సెంటీమీటర్లు. దాని ముందు సెంటీమీటరు పల్లం ఏపాటిది? ఆరంగుళాల మెటల్ కోన్ తనంతట తాను మోగడం సాధారణంగా 5 కిలోహెర్ట్జ్ పైన మొదలవుతుంది. అక్కడికి చేరకముందే, 2-3 కిలోహెర్ట్జ్ దగ్గరే, స్వరాలను పంచే సర్క్యూట్ అయిన క్రాసోవర్ పనిని ట్వీటర్‌కు, అంటే పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్‌కు, అప్పగిస్తుంది. ఫుల్‌రేంజ్ డ్రైవర్ల సంగతి వేరు. మార్క్‌ఆడియో ఆల్పైర్ లాంటి వాటిలో పై స్వరాలు కూడా అదే కోన్ పలుకుతుంది, కాబట్టి మధ్యభాగంలో సొట్టను కాస్త ఎక్కువగా పట్టించుకోవాలి.

పరీక్ష ఇలా చేయండి:

- ఫోన్‌లో సిగ్నల్ జనరేటర్ యాప్‌తో 20 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్ దాకా నెమ్మదిగా, తక్కువ వాల్యూమ్‌లో పంపండి. బరబర, గరగర వినబడుతోందా?
- అదే రెండో స్పీకర్‌కు పంపి పోల్చండి.
- ఆంప్లిఫయర్ ఆపి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను సమంగా కాస్త లోపలికి నొక్కి వదలండి. రాపిడి తగలకూడదు.
- మల్టీమీటర్ ఉంటే, డ్రైవర్ బయటికి తీశాక టెర్మినళ్ల మధ్య చూడండి. 8 ఓమ్ డ్రైవర్ సుమారు 5.5 నుంచి 7 దాకా చూపిస్తుంది.

కొలిచే మైకు ఉన్నవాళ్లు ఉచిత సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈడబ్ల్యూతో రెండు స్పీకర్ల గ్రాఫులు తీసి దాచుకోండి. పని అయ్యాక మళ్లీ తీసి పోల్చుకోవచ్చు.

రాపిడి వినబడితే సొట్ట సంగతి పక్కన పెట్టండి. కాయిల్ పక్కకు జరిగి ఉంటుంది. అది రిపేరు చేసేవాళ్ల పని.

3. చేయి పెట్టకూడని చోట్లు

వారంటీ ఉంటే ముందు కంపెనీని అడగండి. బెరీలియం ట్వీటర్ అయితే ముట్టుకోవద్దు. అది విరిగితే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదకరం. పగిలిందనిపిస్తే ఊదకండి, తుడవకండి, తయారీదారు చెప్పిన పద్ధతే పాటించండి. కోన్ మెడ, అంటే కాయిల్‌ను కలిసే చోటుకు రెండు వేళ్ల దూరంలోపు ఉన్న సొట్టను కూడా వదిలేయమంటాను. అక్కడ చేసే ఏ చిన్న ఒత్తిడైనా నేరుగా కాయిల్ మీదికి పోతుంది.

4. సామాన్లు

ఇవన్నీ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లోనూ, పక్కవీధి ఫ్యాన్సీ షాపులోనూ దొరికేవే.

- నున్నగా సాన పట్టిన వెదురు పుల్లలు: ఒకటి సన్నం, ఒకటి చిటికెన వేలంత లావు. కొసలు గుండ్రంగా ఉండాలి.
- పెన్సిల్ రబ్బరు, మెత్తటి నూలు గుడ్డ
- చిన్న మూట: రెండు పొరల నూలు గుడ్డలో గుప్పెడు ఆవాలు పోసి బిగించి కట్టినది
- మాస్కింగ్ టేపు, గట్టి అట్ట
- టార్చి, ఫోన్ కెమెరా
- డ్రైవర్ స్క్రూలకు సరిగ్గా సరిపడే బిట్ లేదా అలెన్ కీ
- పాత ప్లాస్టిక్ కార్డు
- తక్కువ వేడి గ్లూ గన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (కోన్ మధ్యలోని గుండ్రటి మూత, అంటే డస్ట్ క్యాప్ సొట్టకు మాత్రమే)

ఆవాల మూట ఎందుకంటే, వెనుక నుంచి నొక్కేటప్పుడు ముందు వైపు ఏదో ఒకటి ఆనించి పట్టుకోవాలి. చెక్క ముక్క పెడితే అది ఒకే బిందువు మీద ఆనుతుంది. ఆవాలు మూటలో దొర్లి, కోన్ వంపుకు సరిగ్గా అమరిపోతాయి. పల్లం పైకి వస్తుంటే మూట మెల్లగా తగ్గుతుంది, చుట్టూ ఉన్న లోహాన్ని మాత్రం కదలనివ్వదు.

ఇనుప పనిముట్లు వద్దు. చెంచా, స్పోకు, హెయిర్‌పిన్ ఏదైనా సరే, మాగ్నెట్ గుంజుకుంటే మీ చేతిలోంచి జారి కోన్‌లో దిగుతుంది. ఎం-సీల్, పుట్టీ, ఫెవిక్విక్ కూడా దగ్గరికి రానివ్వకండి. పుట్టీ బరువు కోన్ కదలికను మారుస్తుంది. ఫెవిక్విక్ ఆవిరి నల్లటి కోన్ మీద తెల్లటి మసక పరుస్తుంది.

5. డ్రైవర్‌ను బయటికి తీయడం

నిజం చెప్పాలంటే కొత్త సొట్టలు ఎక్కువగా పడేది ఈ దశలోనే. స్క్రూ ఊడదీస్తుండగా మాగ్నెట్ లాగుడుకు బిట్ పక్కకు దూకుతుంది, కోన్ మీద గీత పడుతుంది.

1. ఆంప్లిఫయర్ ఆపండి, స్పీకర్ వైర్లు పీకండి. డబ్బాను వీపు మీద పడుకోబెట్టండి, డ్రైవర్ పైకి చూడాలి.
2. గట్టి అట్టను కోన్ సైజుకు గుండ్రంగా కత్తిరించి, ఫ్రేమ్ మీద మాస్కింగ్ టేపుతో అంటించండి. టేపు కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచుకు, అంటే సరౌండ్‌కు, తగలకూడదు.
3. ఫ్రేమ్ ఏ దిక్కున ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, ఫోటో తీయండి.
4. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. చివరి స్క్రూ తీసే దాకా ఒక చేయి ఫ్రేమ్ మీదే ఉండాలి.
5. ఫ్రేమ్‌కూ డబ్బాకూ మధ్య ఉండే మెత్తటి పట్టీ (గాస్కెట్) అతుక్కుపోయి రాకపోతే ప్లాస్టిక్ కార్డును ఫ్రేమ్ కింద దూర్చి చుట్టూ తిప్పండి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఎత్తొద్దు.
6. వెనుక వైర్ల రంగులు, ఏ టెర్మినల్‌కు ఏదో ఫోటో తీసి, క్లిప్పులను సూటిగా లాగండి.

బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరవండి. ఇంతకుముందు అక్కడ ఇనుము రాకి ఉంటే ఆ బల్ల వద్దు. ఇనుప రజను కాయిల్ సందులోకి చేరితే బయటికి తీయడం దాదాపు అసాధ్యం.

6. కోన్ సొట్టను వెనుక నుంచి తీయడం

డ్రైవర్‌ను అంచు మీద నిలబెట్టి, రెండు మడత తువ్వాళ్ల మధ్య ఆనించండి. సొట్ట మీ కుడిచేతి వైపు ఫ్రేమ్ కిటికీకి ఎదురుగా రావాలి. ముందు వైపు కనబడుతూ ఉండాలి, వెనుక చేయి దూరాలి. ఫ్రేమ్ కిటికీల్లోంచి చూస్తే కోన్ వీపు, దాని కింద పసుపో నలుపో ముడతల గుడ్డ కనిపిస్తాయి. ఆ గుడ్డే స్పైడర్. దాన్ని, టెర్మినల్ నుంచి కోన్ దాకా వేలాడే అల్లిక తీగలను పుల్ల తాకకూడదు.

ఎడమ చేత్తో ఆవాల మూటను ముందు నుంచి సొట్ట మీద, దాని చుట్టుపక్కలకూ ఆనించండి. కుడి చేత్తో లావు పుల్లకు గుడ్డ చుట్టి లోపలికి పోనివ్వండి.

ఇక్కడ అందరికీ తప్పు చేయాలనిపిస్తుంది. పల్లంలో అన్నిటికన్నా లోతైన చోట పుల్ల పెట్టి ఒక్క నొక్కు నొక్కుదామనిపిస్తుంది. అలా నొక్కితే మధ్యలో బొడిపె లేస్తుంది, చుట్టూ కందకం మిగులుతుంది. అప్పుడు ఒక సొట్ట రెండవుతుంది. ఇత్తడి బిందె సొట్ట తీసే కంచరి పనిలోనూ దెబ్బలు అంచు నుంచే మొదలవుతాయి.

1. పల్లం అంచు ఎక్కడ మొదలవుతుందో టార్చితో చూసి, ముందు వైపు మాస్కింగ్ టేపు చిన్న ముక్కలతో గుర్తు పెట్టుకోండి.
2. అంచు దగ్గర వెనుక నుంచి పుల్లను పొడవకుండా రుద్దండి. సున్నాలు చుట్టినట్టు చిన్న చిన్న వృత్తాలు చాలు. ఒత్తిడి కళ్ల రెప్ప మీద వేలు పెట్టినంత సుకుమారంగా మొదలుపెట్టండి.
3. అంచు చుట్టూ ఒక ఆవృత్తి పూర్తయ్యాక మూట తీసి, టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. నీడ చిన్నదైందా?
4. అయితే కొంచెం లోపలి వలయానికి రండి. కాకపోతే అక్కడే, ఒత్తిడి ఒక్క పిసరు పెంచి, మళ్లీ చుట్టండి.
5. ప్రతి ఆవృత్తి తర్వాత కోన్‌ను నెమ్మదిగా ఆడించి, రాపిడి లేదని చూసుకోండి.
6. చివరికి మధ్యకు చేరాక సన్నపు పుల్లకు పెన్సిల్ రబ్బరు గుచ్చి, దానితో సవరించండి.

పల్లం ఒక్కసారిగా టిక్కుమని పైకి వస్తే ఆగండి. అది పొంగు వైపు తిరిగిన లోహం. ఇక అదే చోట నొక్కితే అవతలికి పోతుంది. అప్పుడు అంచులు మాత్రమే సవరించుకోవాలి.

ముడతకైతే క్రమం మారుతుంది. గీత రెండు కొసల నుంచి మొదలుపెట్టి మధ్యకు రండి. అడ్డంగా కాదు, గీత వెంబడి రుద్దండి. గీత కొసలోనే ఒత్తిడంతా బిగిసి ఉంటుంది, అది వదిలితే మధ్యభాగం తేలిగ్గా లేస్తుంది.

ఎప్పుడు ఆపాలన్నది చాలామందికి కష్టమైన నిర్ణయం. అల్యూమినియంను ఒకే చోట అటూఇటూ వంచేకొద్దీ అది గట్టిపడుతుంది. గట్టిపడినకొద్దీ పగులుకు దగ్గరవుతుంది. మీరు కూర్చునే చోటు నుంచి చూస్తే సొట్ట కంటికి తగలడం లేదా? అక్కడే ఆపండి. దగ్గరికి వంగి టార్చి వేస్తే కనబడే ఆనవాలు మిగిలితే మిగలనివ్వండి. రెండో రోజు మళ్లీ కూర్చుని "ఇంకొంచెం" అనుకోవడం వల్లే మంచి కోన్‌లు పోతాయి.

హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, చల్లబరిస్తే సొట్ట లేస్తుందనే మాట విని ఉంటారు. లెక్క వేసి చూడండి. అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. సెంటీమీటరు సొట్టను 50 డిగ్రీలు వేడెక్కించినా సాగేది మిల్లీమీటరులో దాదాపు వందో వంతే. ఆ వేడికి సరౌండ్ జిగురు మాత్రం మెత్తబడుతుంది.

7. డస్ట్ క్యాప్ సొట్ట

మధ్యలో ఉండే గుండ్రటి మూతకు వెనుక నుంచి దారి దొరకదనుకుంటారు. చాలా డ్రైవర్లలో ఉంటుంది. మాగ్నెట్ వెనుక నడిమధ్యలో రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే అది నేరుగా డస్ట్ క్యాప్ లోపలి వైపుకే పోతుంది. రంధ్రానికి జాలీ ఉంటే ఊడొచ్చేదా కాదా చూసుకోండి, బలవంతంగా పీకొద్దు.

రంధ్రంలోంచి రబ్బరు కొస ఉన్న వెదురు పుల్లను నిటారుగా పంపి, ముందు నుంచి ఆవాల మూట ఆనించి, పైన చెప్పిన పద్ధతిలోనే రుద్దండి. పుల్ల పక్క గోడలకు రాసుకుంటూ వంగిందంటే దారి సరిపోలేదు, వెనక్కి తీయండి.

రంధ్రం లేకపోతే ముందు నుంచి ప్రయత్నించాలి. ఈ వరసలో చేయండి:

- టేపు: వెడల్పాటి పారదర్శక టేపును సొట్ట మీద వేలితో ఒత్తి, నిటారుగా మెల్లగా లాగండి. తేలికపాటి నున్నటి పల్లానికి సరిపోతుంది.
- వేడి జిగురు: వెదురు పుల్ల కొసన బఠాణీ గింజంత జిగురు పెట్టి, సొట్ట మధ్యలో ఆనించి పూర్తిగా చల్లారనివ్వండి. నిటారుగా, బలం కొంచెం కొంచెంగా పెంచుతూ లాగండి. వదిలించడానికి జిగురు అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేస్తే పట్టు వదులుతుంది. ఆల్కహాల్ మూత అంచు జిగురులోకి కారకూడదు. రంగు వేసిన క్యాప్‌కు ఈ పద్ధతి వద్దు, రంగు ఊడొస్తుంది.
- వాక్యూమ్: గొట్టం చివర వేళ్లతో సందు ఉంచి, దూరం నుంచి దగ్గరికి తెస్తూ వాడండి. గొట్టం పూర్తిగా మూసుకుంటే కోన్ మొత్తం బయటికి లాక్కుపోతుంది, కాయిల్ సందులోంచి జరుగుతుంది. మధ్యలో ట్వీటర్ ఉన్న కోయాక్సియల్ డ్రైవర్లకు, కెఫ్ యూని-క్యూ లాంటి వాటికి, వాక్యూమ్ అసలు వాడకండి.

గుండుసూది గుచ్చి లాగే పద్ధతి పేపర్ క్యాప్‌లకు చెప్పింది. మెటల్‌లో ఆ చిల్లు నుంచే పగులు పుడుతుంది, గాలి కూడా ఈల వేస్తుంది.

8. మెటల్ ట్వీటర్

ట్వీటర్ గుమ్మటం (డోమ్) మందం మైక్రాన్లలో ఉంటుంది, ముట్టుకుంటేనే సొట్ట. పైగా 10 కిలోహెర్ట్జ్ తరంగం 3.4 సెంటీమీటర్లే, కాబట్టి ఇక్కడి సొట్ట పై స్వరాల్లో వినబడే అవకాశం ఉంది. టేపు ఒక్కసారి ప్రయత్నించండి. రాకపోతే విడి డయాఫ్రమ్ (కాయిల్‌తో కలిసిన డోమ్ భాగం) అమ్ముతున్నారేమో చూడండి. చాలా ట్వీటర్లకు దొరుకుతుంది, మార్చడం కూడా తేలిక.

9. మిగిలిన ఆనవాలు, పూత

పూత లేచి లోహం బయటపడితే చెన్నైలో అది చిన్న విషయం కాదు. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. మెగ్నీషియం అయితే త్వరగా, అల్యూమినియం అయితే నెమ్మదిగా తెల్లటి పొడి పడుతుంది. సన్నటి బ్రష్ కొసతో పారదర్శక లక్కరు ఆ గీత మేరకే ఒక్క పూత పెట్టండి. సొట్ట మొత్తాన్ని రంగుతో కప్పే ప్రయత్నం వద్దు, ఆ మచ్చ సొట్ట కన్నా ఎక్కువ కనబడుతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. డ్రైవర్ గుండ్రంగా ఉంటుంది కదా, స్క్రూ రంధ్రాలు సమంగా ఉంటే తిప్పి బిగించవచ్చు. ఆనవాలు మిగిలిన వైపును కిందికి, నేల వైపుకు తిప్పండి. గదిలో వెలుగు పై నుంచి పడుతుంది, కింది వైపు నీడలో ఉంటుంది. కొన్ని సొట్టలకు ఇదొక్కటే చాలు, పుల్ల పట్టాల్సిన పనే లేదు. తిప్పే ముందు వైర్లు అందుతాయా చూసుకోండి.

10. బిగించాక తేడా వస్తే

స్క్రూలను మళ్లీ ఎదురెదురుగా, చేతి బిగువు వరకే బిగించండి. తర్వాత రెండో దశలోని పరీక్ష మళ్లీ చేయండి.

- సన్నటి గరగర: అల్లిక తీగ కోన్‌కు తగులుతోందేమో, ఒక స్క్రూ వదులుగా ఉందేమో చూడండి. ఒకవైపే గట్టిగా బిగిస్తే ఫ్రేమ్ మెలిపడి కాయిల్ రాసుకుంటుంది. అన్నీ వదులు చేసి సమంగా బిగించండి.
- బాస్‌తో పాటు బుస్సుమనే గాలి: గాస్కెట్ మడతపడింది. తీసి సరిచేయండి, చిరిగితే రిచీ స్ట్రీట్‌లో స్పాంజి గాస్కెట్ టేపు దొరుకుతుంది.
- బొడిపె లేచింది: ఇప్పుడు మూట వెనుక వైపు, గుడ్డ చుట్టిన వేలు ముందు వైపు. బొడిపె అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా రుద్దండి. ఒక్కసారి ప్రయత్నించి వదిలేయండి.
- బాస్ పలచబడింది, గాయకుడి గొంతు మధ్యలో నిలవట్లేదు: వైర్లు తారుమారయ్యాయి. టెర్మినల్ ఫోటోతో సరిచూడండి. ఫోటో లేకపోతే డ్రైవర్ వైర్లు విడదీసి, 1.5 వోల్ట్ సెల్ ప్లస్‌ను డ్రైవర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. ప్లస్ గుర్తు సరైనదైతే కోన్ బయటికి కదులుతుంది. లోపలికి కదిలితే రెండో టెర్మినల్ ప్లస్ అన్నమాట, దాని ప్రకారం వైర్లు కలపండి.